వాడుకరిని బట్టి మారే మెనూను డేటాబేస్ నుంచి ఎలా నిర్మించాలి?

చిత్తూరులోని తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీకి తయారుచేస్తున్న అప్లికేషన్‌లో కాటా గుమాస్తాకు, అకౌంటెంటుకు, మేనేజరుకు వేర్వేరు మెనూలు కనబడాలనీ, వాటిని కోడ్‌లో షరతులుగా రాయకుండా ఎలా నిర్మించాలనీ మీరు అడిగారు.

మెనూ మొత్తాన్ని ఒకే టేబుల్‌లో ఉంచండి. ప్రతి వరుసలో ఐడీ, పేరెంట్ ఐడీ (ఈ వరుస ఏ శీర్షిక కింద వస్తుందో దాని ఐడీ), శీర్షిక, లింకు, క్రమసంఖ్య, కావలసిన అనుమతి ఉండాలి. అనుమతి గడిలో ‘గుమాస్తా’ అని రోల్ పేరు రాయకండి, ‘తూకం నమోదు’ వంటి పని పేరు రాయండి. మామిడి సీజన్‌లో గుమాస్తాకు రైతుల చెల్లింపులు కూడా అప్పగించవలసి వస్తే, మెనూ టేబుల్‌ను ముట్టుకోకుండా ఆ రోల్‌కు ఒక అనుమతి జతచేస్తే సరిపోతుంది.

లాగిన్ అయిన వ్యక్తి అనుమతులకు సరిపోయే వరుసలను, అనుమతి గడి ఖాళీగా ఉన్న శీర్షికలతో సహా, ఒకే క్వెరీతో (డేటాబేస్‌కు పంపే ప్రశ్నతో) తెచ్చుకొని, ఐడీ వారీగా మ్యాప్‌లో (ఐడీ ఇస్తే దాని వరుసను ఇచ్చే పట్టికలో) పెట్టి, ప్రతిదానినీ దాని పేరెంట్ కింద చేర్చితే చెట్టు ఆకారంలో మెనూ సిద్ధమవుతుంది. స్థాయికొక క్వెరీ పంపడం వృథా భారం. తర్వాత, లింకు లేక, పిల్లలూ (కింది అంశాలూ) మిగలని శీర్షికలను అడుగు నుంచి పైకి తొలగించాలి. లేకపోతే గుమాస్తాకు ‘చెల్లింపులు’ అనే ఖాళీ శీర్షిక కనబడుతుంది.

మెనూలో దాచినంత మాత్రాన పేజీకి రక్షణ వచ్చినట్లు కాదు. చిరునామా తెలిసినవారెవరైనా నేరుగా టైప్ చేయగలరు కనుక, సర్వర్ ప్రతి అభ్యర్థనకూ అదే అనుమతిని పరీక్షించి, లేనివారికి 403 (అనుమతి లేదనే జవాబు) పంపి తీరాలి. క్యాష్ (సిద్ధమైన మెనూను దాచే తాత్కాలిక నిల్వ) అవసరమైతే అనుమతుల సమితినే కీగా (వెతికే గుర్తుగా) వాడండి. మెనూ టేబుల్ మారినప్పుడు మాత్రం క్యాష్‌ను ఖాళీ చేయండి.