శనివారం సాయంత్రాలు నీవి నాయనా

చిన్నోడా,

ఆశీస్సులు. "అమ్మ మతిమరుపు విషయంలో నేనేం చెయ్యాలి చిన్నమ్మా" అని ఫోన్‌లో అడిగావు. నీ మీటింగుల మధ్య చెప్తే సగం గాలికి పోతుందని రాస్తున్నాను. మీ చిన్నాయనకు మతిమరుపు ముదిరిన ఆ ఏళ్లన్నీ చూసుకున్నది నేనే కాబట్టి, చెప్పే హక్కు ఉందనుకుంటా. అయితే ఇందులో మీ అమ్మ గురించి తక్కువ, అమ్మను రోజూ చూసుకునే మీ వదిన గురించి ఎక్కువ.

నువ్వు కొండాపూర్ నుంచి మౌలాలి వచ్చేసరికి మా అక్క తల దువ్వుకుని కూర్చుంటుంది. నిన్ను పేరు పెట్టి పిలుస్తుంది, పిల్లల చదువులు అడుగుతుంది. గంటసేపు ఎక్కడా తడబడదు. ఈ జబ్బున్నవాళ్లు చాలామంది వచ్చినవాళ్ల ముందు ఉన్న ఓపికంతా కూడగట్టుకుంటారు. నువ్వు లిఫ్టు ఎక్కాక మొదలవుతుంది అసలు సంగతి. అందుకే "అమ్మ బాగానే ఉంది కదా వదినా" అన్న మాట నీ నోట రావద్దు. వారమంతా వదిన పడ్డ పాట్లు ఆ ఒక్క మాటతో అబద్ధమైపోతాయి.

"అన్నం పెట్టలేదు బిడ్డా, నా గాజులు కోడలు దాచుకుంది" అని కూడా నీ చెవిలో వేస్తుంది. తిన్న సంగతి గుర్తుండదు. గాజులు తనే బియ్యం డబ్బాలో పెట్టి మరిచిపోతుంది. కనబడకపోతే ఎవరో తీసుకున్నట్టే లెక్క, రోజూ కళ్లెదుట ఉండే మనిషే దొంగ. నువ్వు వంటింటి వైపు తిరిగి "అమ్మ తిన్నదా?" అన్నావో, వదినకు అది నిలదీసినట్టే ఉంటుంది. "వెతుకుదాం పదమ్మా" అని నువ్వే లేచి వెతుకు. దొరికాక "నువ్వే పెట్టుకున్నావు చూడు" అనకు.

"ఏమన్నా కావాలంటే చెప్పు వదినా" అనడం సాయం కాదు, అడిగే పని కూడా ఆమె నెత్తినే పెట్టడం. శనివారం మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా నాది అని చెప్పెయ్. వాన పడినా, మ్యాచ్ ఉన్నా నీదే. ఆ పూట వదిన పుట్టింటికి పోతుందో, తలుపేసుకుని పడుకుంటుందో నీకనవసరం.

సాయంత్రం అని కావాలనే అన్నాను. పొద్దు వాలే వేళకు వీళ్లకు కంగారు ఎక్కువవుతుంది. ఐదు దాటగానే మీ అమ్మ దువ్వెన, మాత్రల డబ్బా కొంగులో మూటగట్టుకుని గుమ్మం దగ్గర నిలబడుతుంది. "ఇంటికి పోతా, బర్రెకు కుడితి పెట్టాలె" అంటుంది. సిద్దిపేట దగ్గరి ఆ ఇల్లు అమ్మేసి ఎన్నేళ్లయిందో నీకు తెలుసు. "ఇదే నీ ఇల్లు" అని వాదిస్తే ఏడుస్తుంది, లేదా చెయ్యెత్తుతుంది. "పోదాం, చాయ తాగి పోదాం" అను. తాగాక చెప్పులు తొడిగి కింద ఒక చుట్టు తిప్పు. బర్రె పూటకు ఎన్ని పాలిచ్చేదో అడుగు. పైకొచ్చేసరికి మూట సంగతి మరిచిపోతుంది. ఒక్కోరోజు మరవదు, ఇంకో చుట్టు తిప్పాలి. పొయ్యి మీద కుక్కర్ పెట్టి వదిన రోజూ చేసేది ఇదే.

బట్టలు తడిస్తే మార్చడం నేర్చుకో. కొడుకు చెయ్యొచ్చా అని మొహమాటపడతావు. మీ అన్న పడలేదు.

మనిషిని పెట్టుకోండి, డబ్బు నేనిస్తా అన్నావట. ఇవ్వు, మంచిదే. కానీ ఆ వచ్చే ఆయమ్మకు పని చెప్పేది, రాని రోజు సర్దుకునేది మళ్లీ వదినే.

కాగితాల పని మొత్తం నువ్వు తీసుకో. లాలాగూడ రైల్వే ఆసుపత్రి తేదీలు, మందులు, నవంబరులో పెన్షన్‌కు జీవన్ ప్రమాణ్, అంటే మనిషి బతికే ఉన్నట్టు ఇచ్చే పత్రం. అది ఇప్పుడు ఇంట్లోనే ఫోన్‌కు ముఖం చూపించి చెయ్యొచ్చు. బ్యాంకు ఖాతాలో అన్న పేరు చేర్చేది ఉంటే, అమ్మ తెలిసి సంతకం పెట్టగలిగిన ఈ రోజుల్లోనే చేర్చు. మతి పూర్తిగా తప్పాక పవర్ ఆఫ్ అటార్నీ కూడా చెల్లదు, కోర్టుకు పోవాల్సిందే. థైరాయిడ్, బీ12 పరీక్షలు అయ్యాయో లేదో డాక్టరును అడుగు. వాటిలో తేడా ఉన్నా మతిమరుపు వస్తుంది, దానికి మందుంది. ఇంకొకటి, రెండు మూడు రోజుల్లోనే మనిషి ఒక్కసారిగా మారిపోతే జబ్బు ముదిరిందని ఊరుకోవద్దు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చినా పెద్దవాళ్లు అలా అయిపోతారు. వదిన ఆ కబురు చెప్తే "రేపు చూద్దాం" అనకుండా బయల్దేరు.

వాచ్‌మన్‌కు, కింద కిరాణా కొట్టతనికి అమ్మ సంగతి చెప్పి నీ నంబరు ఇవ్వు. దాచుకోవడానికేముంది? దేశంలో 60 దాటినవాళ్లలో నూటికి ఏడుగురికి పైనే ఈ జబ్బు ఉందని 2023లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది, సుమారు 88 లక్షల మంది. ఏ దారీ తోచనప్పుడు పెద్దవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఎల్డర్‌లైన్ 14567 ఉంది.

మన చుట్టాల గ్రూపులో బాదం పప్పు, బ్రాహ్మి ఆకు, "నేనైతేనా" అనేవాళ్లకు జవాబు నువ్వు చెప్పు. వదిన దాకా పోనివ్వకు. నాకు ఆ రోజుల్లో మందుల కంటే ఆ సలహాలే చేదు.

శనివారం వచ్చేటప్పుడు బత్తాయిలు తేకు, ఫ్రిజ్‌లో పోయినసారివే మగ్గుతున్నాయి. పెద్దవాళ్ల డైపర్లు తీసుకురా. సైజు వదినను అడక్కు. ప్యాకెట్ మీద ఉంటుంది, అన్నను ఫోటో పంపమను.

మీ చిన్నమ్మ