ఎన్నికలు జరుగుతూనే ఉన్నాయిగా, ఇంకేం పోయింది? హంగరీలో నేను చూసింది

"యూరప్‌లో ప్రజాస్వామ్యం దెబ్బతింటోంది, మైనారిటీలకు ముప్పు అంటున్నారు, కానీ ఎన్నికలు టైముకి జరుగుతూనే ఉన్నాయి కదా, మరి పోయిందేంటి?" అని ఒకరు అడిగారు. నేను 2017 నుంచి 2021 దాకా హంగరీలో, డెబ్రెత్సెన్‌లో చదువుకున్నాను. కాబట్టి నాకు తెలిసిన ఆ ఒక్క దేశం గురించే చెప్తాను.

ముందు సీట్ల లెక్క చూడండి. 2010లో ప్రధానమంత్రి అయిన విక్టర్ ఓర్బాన్ పార్టీ ఫిడెస్‌కి దాదాపు 53 శాతం ఓట్లొస్తే సీట్లు మూడింట రెండొంతులు దాటాయి, అక్కడ రాజ్యాంగం మార్చడానికి అది చాలు. ఏడాది తిరిగేసరికి కొత్త రాజ్యాంగం పాసైంది (రాసినవాళ్లలో ఒకాయన ఐప్యాడ్ మీద రాశానని గొప్పగా చెప్పుకున్నాడు కూడా). తర్వాత పార్లమెంటు సీట్లు 386 నుంచి 199కి తగ్గించి, నియోజకవర్గాల హద్దులు మళ్లీ గీసి, రెండు రౌండ్ల పోలింగ్‌ని ఒకటి చేశారు. 2014లో ఓట్లు 45 శాతానికి పడిపోయాయి, సీట్లు 133, అంటే మళ్లీ మూడింట రెండొంతులు! బ్యాలెట్ బాక్సులు ఎత్తుకుపోయిన కథలు విని పెరిగిన మనకి ఇది ఓ పట్టాన అర్థం కాదు, ఎందుకంటే అంతా చట్టం చేసి పద్ధతిగానే చేశారు. జడ్జీల రిటైర్మెంట్ వయసు 70 నుంచి ఒకేసారి 62కి దించేశారు. యూరోపియన్ యూనియన్ కోర్టు తప్పని తీర్పిచ్చేసరికి చాలా కుర్చీల్లో కొత్తవాళ్లు కూర్చునే ఉన్నారు.

మా ఇంటి ఓనరు డెబ్భై దాటిన ఆవిడ. అక్కడ పెద్దావిడల పేరు చివర 'నేని' అని చేర్చి పిలుస్తారు, మన అక్కినేని, ఘట్టమనేని లాగా వినపడి మొదట్లో నాకు నవ్వొచ్చేది. జ్వరమొస్తే సూప్ కాచి పెట్టిన మనిషి. రోజంతా ప్రభుత్వ ఛానలే చూసేది. 2018 ఎన్నికల ముందు ఎక్కడ చూసినా హోర్డింగులు, వాటి మీద బారులు తీరిన వలస మగవాళ్లు, పైన 'స్టాప్' అని. పెట్టించింది ప్రభుత్వమే. మా డెబ్రెత్సెన్‌లో ఉన్న శరణార్థుల శిబిరాన్ని 2015 చివర్లోనే మూసేశారు, అయినా భయం మాత్రం పోలేదు. ఆ ఫొటోలోవాళ్లకీ నాకూ రంగులో పెద్ద తేడా లేదు. ట్రామ్‌లో ఒకడు నన్ను 'మిగ్రాన్ష్' అన్నాడు, వలసొచ్చినవాడని అర్థం, కానీ అప్పటికే అదొక తిట్టు. ఇంటికొచ్చి చెప్తే ఆవిడ చాలా బాధపడి "నువ్వు కాదు నాన్నా, వాళ్లు వేరే" అంది. ఎవరు వాళ్లు అంటే టీవీ వైపు చెయ్యి చూపించింది. ఓటు ఫిడెస్‌కే వేసింది. ఆవిణ్ణి తప్పుపట్టలేను, గ్యాస్, కరెంటు బిల్లులు తగ్గించింది వాళ్లే, పైగా జిల్లా దినపత్రికలన్నీ 2017కల్లా ప్రభుత్వానికి కావలసినవాళ్ల చేతుల్లోకి వెళ్లిపోయాయి, ఇంకో మాట ఆవిడ చెవిన పడేదెలా?

2020 మొదట్లో రోమాల (జిప్సీలని పిలిచే మైనారిటీ జనం) వంతు వచ్చింది. ఒక ఊళ్లో రోమా పిల్లల్ని ఏళ్ల తరబడి వేరే క్లాసుల్లో కూర్చోబెట్టారు. కోర్టు నష్టపరిహారం ఇమ్మంటే, పనిచేయకుండా డబ్బేంటని ప్రధానమంత్రే అడ్డం తిరిగాడు. అదే ఏడాది మే నెలలో ట్రాన్స్‌జెండర్లు కాగితాల్లో జెండర్ మార్చుకునే వీలు తీసేశారు. 2021 జూన్‌లో, పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకి స్వలింగ సంపర్కుల గురించి చూపించకూడదని చట్టం. నా క్లాస్‌మేట్ ఒకడు, గే, ఆ చట్టం వచ్చిన కొన్నాళ్లకి వియన్నా వెళ్లిపోయాడు.

2025 మార్చిలో ప్రైడ్ ఊరేగింపుల్నే (గేలు, ట్రాన్స్‌జెండర్లు తమ హక్కుల కోసం చేసేవి) నిషేధించేలా చట్టం తెచ్చారు. పాల్గొంటే 2 లక్షల ఫోరింట్ల దాకా జరిమానా, మన డబ్బులో సుమారు 50 వేలు, పైగా కెమెరాల్లో మొహాలు గుర్తుపట్టి మరీ. బుడాపెస్ట్ మేయర్ కరాచోనీ అది నగరపాలక కార్యక్రమమని ప్రకటించి జూన్ 28న జరిపించాడు. మా వాడు దానికోసమే వియన్నా నుంచి వచ్చాడు. ఎర్జెబెత్ బ్రిడ్జి ఈ చివర నుంచి ఆ చివరకి జనంతో నిండిపోయిన ఫొటో పంపాడు. జరిమానా టెన్షన్‌తో నెల గడుస్తుందనుకున్నాడు గానీ, పాల్గొన్నవాళ్ల మీద కేసులుండవని పోలీసులు పది రోజుల్లోనే చెప్పారు. ఆగస్టులో మేయర్‌ని మాత్రం నిందితుడిగా పిలిచి విచారించారు.