గొంతు మారుతోందని పాట మాన్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. నిరుటి దాకా స్కూలు బృందగానంలో వాడే ముందు పాడేవాడు. ఇప్పుడు గొంతు చీలిపోతోంది, పై స్వరాలు అందడం లేదు. దాంతో నాటకం రిహార్సల్స్ వైపు వెళ్లాడు. రెండూ మానేసి చదువుకోమని వాళ్ల నాన్నగారు అంటున్నారు. వీటితో ముందుముందు ఏదైనా దారి ఉంటుందా?

జవాబు: ముందు గొంతు సంగతి చూద్దామమ్మా. ఇక తనకు పాట రాదేమో అనుకుని చాలామంది పిల్లలు సంగీతానికి దూరమయ్యేది ఈ వయసులోనే. మీవాడి గొంతు పాడవలేదు, పెరుగుతోంది. సుమారు 12 నుంచి 15 ఏళ్ల మధ్య స్వరపేటిక పెద్దదవుతుంది, స్వరతంత్రులు పొడుగై మందమవుతాయి. మగపిల్లల మాట దాదాపు ఒక స్థాయి, అంటే ‘స’ నుంచి దాని కింది ‘స’ దాకా, కిందికి దిగుతుంది. ఆడపిల్లలకూ మార్పు ఉంటుంది గానీ అది బాగా తక్కువ. కొత్త పొడవుకు తగ్గట్టు తంత్రులను బిగించడం కండరాలకు ఇంకా అలవాటు కాలేదు. మాట మధ్యలో గొంతు చీలేది అందుకే. కుదురుకోవడానికి ఒకటి రెండేళ్లు పట్టవచ్చు.

ఈ లోగా పాట ఆపనక్కర్లేదు, పాత శ్రుతిలో పాడటం ఆపాలి. శ్రమ లేకుండా పలికే అడుగు స్వరం ఏది, పై స్వరం ఏది అన్నది వారానికోసారి తేదీ వేసి రాసుకోమనండి. వాటి మధ్య ఐదారు స్వరాలే మిగిలినా సరే, ప్రస్తుతానికి పాట వాటిలోనే. ఆ కాగితం సంగీతం టీచర్‌కు చూపిస్తే బృందంలో వాడికి తగిన కింది వరస ఇస్తారు. సాధన రోజుకు 15, 20 నిమిషాలు చాలు. మొదటి ఐదు నిమిషాలు నోరు మూసి హమ్మింగ్ చెయ్యాలి, లేదా పెదవులు బుర్రుమనిపిస్తూ పై నుంచి కిందికి జారాలి. సన్నని స్ట్రాలోంచి స్వరం ఊదినా మంచిదే. నోటి దగ్గర దారి ఇరుకైతే లోపల గాలి వెనక్కి ఒత్తుతుంది, తంత్రులు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకోవు.

అందని స్వరాన్ని మెడ నరాలు తేలేలా పట్టుకోవడం, రిహార్సల్లో అదే పనిగా అరవడం, ఈ రెండింటితోనే చేటు. గొంతు అలిసిందని గుసగుసగా మాట్లాడటం కూడా విశ్రాంతి కాదు. ఒత్తి పలికే గుసగుస తంత్రులకు మరో శ్రమ. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి.

గొంతు సహకరించని ఈ రోజుల్లో చెవికి పని పెట్టండి. రెండు స్వరాల మధ్య ఎంత దూరమో విని చెప్పడం, తాళం విని రాయడం, ముందు చూడని స్వరలిపిని చూసి పాడటం లేదా కీబోర్డు మీద వాయించడం నేర్చుకోవాలి. సంగీత కోర్సుల ప్రవేశ పరీక్షల్లో పాట బాగా పాడినవాళ్లు కూడా ఎక్కువగా తడబడేది ఇక్కడే. డ్రమ్స్ వైపు వెళ్తే చెవులకు రక్షణ తప్పనిసరి. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించవచ్చనేది పనిచోట్ల పాటించే ఒక లెక్క. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది కాబట్టి 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. మూసిన గదిలో డ్రమ్స్ అంత మోత సులువుగా దాటతాయి.

ఇక నాటకం. ఇంట్లో ఎవరో పక్కన కూర్చుని ‘ఇలా అను’ అని ఒక్కో డైలాగూ బట్టీ పట్టించడం మేలు చెయ్యదు. ఎదుటివాడు ఒక్క ముక్క మార్చి చెప్పేసరికి ఆ పిల్లవాడు నిలబడిపోతాడు. మొదట స్క్రిప్టంతా చదవాలి. ప్రతి సీనులో తన పాత్రకు ఎదుటివాళ్ల నుంచి ఏం కావాలో ఒక్క వాక్యంలో రాసుకోవాలి. తర్వాత స్టేజి మీద కదలికతో కలిపి మాట నేర్చుకోవాలి. అడుగుతో కలిసిన మాట తొందరగా మరపు రాదు. ఎదుటి పాత్ర డైలాగులను ఫోన్‌లో రికార్డు చేసి, తన మాటలకు ఖాళీ వదిలి, నడుస్తూ సాధన చేస్తే క్యూ, అంటే తన మాట అందుకోవాల్సిన సూచన, తప్పిపోదు.

ఒక్క నాటకానికైనా వాణ్ణి తెర వెనక పనిలో పెట్టమని టీచర్‌ను అడగండి. స్టేజి మేనేజర్ దగ్గర ప్రాంప్ట్ బుక్ ఉంటుంది. ఒక వైపు స్క్రిప్టు, మరో వైపు నటుల కదలికలు, లైటు, సౌండు క్యూల నంబర్లు. అన్నీ పెన్సిల్‌తోనే, రిహార్సల్లో మారుతూనే ఉంటాయి కనుక. ‘స్టాండ్‌బై’ అని ముందుగా హెచ్చరించి, సరైన క్షణంలో ‘గో’ అంటారు. ఆ మాట వినగానే ఆపరేటర్ బటన్ నొక్కుతాడు, అందుకే హెడ్‌సెట్‌లో ‘గో’ అనే మాట మరి దేనికీ వాడకూడదు. ఈ శ్రద్ధ అబ్బిన పిల్లలకు సౌండ్ ఇంజనీరింగ్, లైటింగ్, స్టేజి మేనేజ్‌మెంట్ దారులు తెరుచుకుంటాయి. పాఠశాలల్లో నాటకం బోధించడం, స్పీచ్ థెరపీ, మ్యూజిక్ థెరపీ కూడా ఈ చుట్టుపక్కలవే.

వాళ్ల నాన్నగారి భయంలో నిజం లేకపోలేదు. నటన ఒక్కదాన్నే నమ్ముకుంటే ఆదాయం నిలకడగా ఉండదు. కాబట్టి పై తరగతిలో సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడు గణితం, ఫిజిక్స్ తొందరపడి వదలొద్దు. డెసిబెల్ లాగరిథమ్ లెక్క, లైటింగ్ అంటే కరెంటు లెక్క. ఏడాదికి ఒకే నాటకం ఒప్పుకోండి. రిహార్సల్ తేదీలు మొదటి వారంలోనే తీసుకుని పరీక్షల పక్కన పెట్టి చూడండి. చివరి రెండు వారాలు సాయంత్రాలన్నీ దానికే పోతాయి. అవి పరీక్షల మీద పడితే ఆ నాటకంలో వేషం వద్దు, తెర వెనక చిన్న పని చాలు.

మూడు నెలలకోసారి ఒక పాట, ఒక ఏకపాత్ర భాగం వీడియో తీయండి. ఒకే టేక్, ఎడిటింగ్ వద్దు, ఎకో వద్దు. ఆడిషన్లలో మామూలుగా పరస్పరం భిన్నమైన రెండు ఏకపాత్ర భాగాలు అడుగుతారు, ఒక్కోటి రెండు నిమిషాల లోపు. సమయం మించితే మధ్యలోనే ఆపేస్తారు. వాడి వయసుకు దగ్గరి పాత్రలే ఎంచుకోండి. పదిహేనేళ్లవాడు ముసలి రాజు వేషం వేస్తే వంగిన నడుమూ వణికే గొంతే కనిపిస్తాయి, నటన కనబడదు.

పదో తరగతి అయ్యాక ఆ వీడియోలు వరసగా పెట్టుకుని టీచర్‌తో కూర్చోండి. చప్పట్లు ఎన్ని పడ్డాయన్నది లెక్కలోకి తీసుకోకండి. ప్రదర్శన ఏదీ లేని నెలల్లో కూడా వాడంతట వాడే సాధన చేశాడా అన్నది చూడండి. చేసి ఉంటే కోర్సుల ప్రవేశ నియమాలు అప్పుడే తెప్పించుకోండి, సిద్ధపడటానికి రెండేళ్లు చేతిలో ఉంటాయి. చెయ్యకపోతే ఇంకో చదువు చదువుతూ వారానికి రెండు సాయంత్రాలు పాటకో నాటకానికో ఉంచుకోనివ్వండి.