మార్చాల్సింది పాటా, శ్రుతా?

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్లు. టీవీ పాటల పోటీ ఆడిషన్‌కి ఎంచుకున్న పాటలో పల్లవి బాగానే పాడుతోంది, చరణంలో గొంతు చీలుతోంది. పాట మార్చమంటారా?

జవాబు: ముందు శ్రుతి, అంటే పాట ఎత్తుకునే స్థాయి, మార్చి చూడండమ్మా. వాద్యాలు లేకుండా పాడమంటే పిల్లలు కంగారులో పల్లవిని అర శ్రుతి పైకి ఎత్తుకుంటారు. ఇక చరణంలో పై స్వరం అందదు. తంబురా యాప్‌లో శ్రుతి అయిదున్నర పెట్టుకుంటుంటే అయిదుకి దించండి. ఆ పై స్వరాన్ని వరసగా మూడుసార్లు అరవకుండా అందుకుంటే శ్రుతి కుదిరినట్టే. మరీ దించితే పల్లవి కింది స్వరాలు వినబడవు, అదీ చూసుకోండి. అప్పటికీ చీలితే పాట వదిలేయండి, మొహమాటం వద్దు. కొత్తగా ఎంచుకునేది నెమ్మది పాటైతే శ, ష, స తేడాలు, ళ, ణలు సరిగ్గా పలుకుతోందో లేదో ఇట్టే బయటపడుతుంది. 1996లో ఈటీవీలో మొదలైన ‘పాడుతా తీయగా’లో బాలుగారు పట్టుబట్టింది వీటికే. వేరే నడకలో రెండో పాట కూడా సిద్ధం చేయించండి, అడుగుతారు.