దుమ్ము దులపడానికి వచ్చి స్పీకర్ పాడు చేశారు, పరిహారం అడగవచ్చా?

ప్రశ్న: మేము చెన్నై కోడంబాక్కంలో ఉంటాం. మూడు లక్షల అరవై వేలకు కొన్న ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లు దుమ్ము పట్టి చిటపటలాడుతుంటే, రూ. 2,500 కట్టి సర్వీస్ సెంటర్ మనిషిని పిలిపించాం. ప్లగ్ తీయకుండానే బ్లోయర్‌తో గాలి కొట్టాడు. అప్పటి నుంచి ఎడమ స్పీకర్ పలకడం లేదు. ‘సముద్రపు గాలికి చెమ్మ చేరింది, వారంటీ వర్తించదు’ అంటున్నారు. రెండోదాన్ని మేమే శుభ్రం చేసుకుంటే కేసుకు ఇబ్బందా?

జవాబు: వారంటీ గొడవలోకి దిగకండి. అక్కడ చెమ్మ సాకు వాళ్లకు పనికొస్తుంది. మీ ఫిర్యాదు డబ్బు తీసుకుని చేసిన పని మీద ఉండాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(11) ప్రకారం నిర్లక్ష్యం వల్ల నష్టం కలిగితే అది సేవాలోపమే. అయితే నిరూపించాల్సింది మీరే.

అందుకు మీకున్న గట్టి ఆధారం కంపెనీ మాన్యువల్. ఈ స్పీకర్లలో కొన్ని మైక్రాన్ల మందమున్న ప్లాస్టిక్ పొర, రెండు చిల్లుల పలకల మధ్య బిగించి ఉంటుంది. దానికి వేల వోల్టుల చార్జ్ ఇస్తారు. ఆ చార్జే దుమ్మును లాగుతుంది, తేమ తోడైతే కరెంటు లీకై చిటపటమంటుంది. బ్లోయర్ గాలి ఆ దుమ్మును చిల్లుల్లోంచి లోపలికి నెడుతుంది, పొర సాగిపోయే ప్రమాదమూ ఉంది. ప్లగ్ తీసి చార్జ్ దిగేదాకా ఆగమని మాన్యువల్‌లో ఉంటే ఆ పేజీ తప్పక జతచేయండి.

పాడైన స్పీకర్‌ను విప్పకండి, విప్పనివ్వకండి. అది మీ సాక్ష్యం. అవసరమైతే వినియోగదారుల కమిషనే ఆ చట్టం సెక్షన్ 38 కింద పరీక్షకు పంపుతుంది. జాబ్ కార్డ్ (సర్వీస్ సెంటర్ ఇచ్చే పని చీటీ), యూపీఐ రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు, ఇంట్లో కెమెరా ఉంటే ఆ రోజు ఫుటేజీ దాచండి. మెసేజ్‌లు తెలుగులో ఉంటే ఇంగ్లీషు అనువాదం జోడించండి.

రెండోదాన్ని మీరు నిరభ్యంతరంగా శుభ్రం చేసుకోవచ్చు, మాన్యువల్ దాటనంతవరకు. ఆంప్లిఫయర్ ఆపి, స్పీకర్ ప్లగ్ తీసి, అందులో చెప్పినంతసేపు ఆగండి. కొన్ని మోడళ్లకు అది గంటల లెక్క. వ్యాక్యూమ్ వాడవచ్చని ఉంటేనే, మెత్తటి బ్రష్ తగిలించి, తక్కువ పీల్పుతో, నొక్కకుండా పైనుంచి కిందికి తీయండి. కొన్ని మోడళ్లలో లోపల దుమ్ము ఆపే పలుచని పొర వేరే ఉంటుంది, దానికి వ్యాక్యూమ్ పీల్పు తగిలితే చిరుగుతుంది. తడిగుడ్డ, స్ప్రే, బ్లోయర్ మూడూ వద్దు. జాలీ విప్పితే ‘మీరే పాడు చేశారు’ అనే అవకాశం వాళ్లకు చేతులారా ఇచ్చినట్టే. పని మొదలుపెట్టేముందు అది పలుకుతున్నట్టు తేదీ కనిపించేలా వీడియో తీసి ఉంచండి.

తర్వాత స్పీడ్ పోస్ట్‌లో నోటీసు ఇవ్వండి: ప్యానెల్ (పొర, పలకలున్న భాగం) మార్పిడి ఖర్చు, రూ. 2,500 వాపసు, 15 రోజుల గడువు. నోటీసు చట్టపరంగా తప్పనిసరి కాదు, అయినా వాళ్ల జవాబు మీకు ఉపయోగం. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, లేదా నేరుగా ఈ-జాగృతి అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు పెట్టండి. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. కంపెనీ ఆఫీసు వేరే ఊళ్లో ఉన్నా మీరుండే చోటే వేయవచ్చు.

గడువు రెండేళ్లు, స్పీకర్ పాడైన రోజు నుంచి. ‘చూస్తాం, చెబుతాం’ అంటూ వాళ్లు రాసే ఉత్తరాలతో ఆ గడువు పెరగదు.