డబుల్ ఇంటిగ్రల్స్‌లో లిమిట్స్ తప్పుతుంటే ఏం చేయాలి?

పార్షియల్ డెరివేటివ్స్ బాగానే వస్తున్నాయి, డబుల్ ఇంటిగ్రల్స్‌ దగ్గర మాత్రం ఎన్ని లెక్కలు చేసినా లిమిట్స్ తప్పుతున్నాయి అని అడిగారు. జవాబు పత్రాలు దిద్దుతూ నేను చూసినంతలో, ఇక్కడ మార్కులు పోయేది ఇంటిగ్రేషన్ రాక కాదు, బొమ్మ గీయక.

ఒక లెక్క చూడండి. ఫంక్షన్ సైన్(వై²). లోపలి ఇంటిగ్రల్ వై మీద, ఎక్స్ నుంచి 1 దాకా. బయటిది ఎక్స్ మీద, 0 నుంచి 1 దాకా. సైన్(వై²)కి మనకు అలవాటైన ఫంక్షన్లలో యాంటీడెరివేటివ్ లేదు, అందుకే ఆర్డర్ మార్చాలి, అంటే ముందు ఎక్స్ మీద, తర్వాత వై మీద చేయాలి. చాలామంది రెండు జతల లిమిట్స్‌ని ఉన్నవున్నట్టు అటూ ఇటూ మార్చేస్తారు. అప్పుడు బయట ఎక్స్ మిగిలిపోయి, జవాబు సంఖ్యగా రాదు. బయటి లిమిట్స్ రెండూ స్థిరసంఖ్యలే కావాలి. అలా లేవంటే అక్కడే ఆగి వెనక్కి చూసుకోండి.

వై = ఎక్స్, వై = 1, ఎక్స్ = 0 గీతలు గీస్తే (0,0), (0,1), (1,1) మూలలుగా త్రిభుజం వస్తుంది. ఇచ్చిన ఆర్డర్‌లో స్ట్రిప్ (లోపలి ఇంటిగ్రల్ నడిచే సన్నని పట్టీ) నిలువుగా ఉంది. దాన్ని అడ్డంగా గీయండి: ఎడమ కొస ఎక్స్ = 0 మీద, కుడి కొస ఎక్స్ = వై మీద ఉంటాయి. ఆ స్ట్రిప్ కిందనుంచి పైకి 0 నుంచి 1 దాకా జరుగుతుంది. లోపలి ఇంటిగ్రల్ చేయగానే వై·సైన్(వై²) వస్తుంది. ముందు ఆ వై చేరింది కాబట్టే వై² = టి అనుకుంటే పని అయిపోతుంది. జవాబు (1 − కాస్ 1)/2, అంటే సుమారు 0.23. కాలిక్యులేటర్ రేడియన్లలో ఉందో లేదో చూసుకోండి.

స్ట్రిప్ జరుగుతుండగా దాని కొస ఒక గీత వదిలి ఇంకో గీత మీదికి వెళ్తే, అక్కడ ఇంటిగ్రల్‌ను రెండు ముక్కలు చేయాలి. వై = ఎక్స్, వై = 2 − ఎక్స్, ఎక్స్ అక్షం మధ్య త్రిభుజానికి నిలువు స్ట్రిప్‌తో రెండు ముక్కలు అవుతాయి. అడ్డంగా అయితే ఒక్కటే చాలు, ఎక్స్ వై నుంచి 2 − వై దాకా.

పోలార్ కోఆర్డినేట్స్‌కి (దూరం ఆర్, కోణం థీటా) మారినప్పుడు డీఆర్ డీథీటా ముందు ఆర్ మర్చిపోవడం మరో పెద్ద తప్పు. ఫంక్షన్ స్థానంలో 1 పెట్టి వృత్త వైశాల్యం వస్తుందేమో చూడండి. వ్యాసార్ధం 3 అయితే 9పై (28.27) రావాలి, ఆర్ లేకపోతే 6పై (18.85) వస్తుంది. వ్యాసార్ధం 2తో మాత్రం చూడొద్దు, ఆర్ ఉన్నా లేకపోయినా 4పై వచ్చి తప్పు దాక్కుంటుంది. మూడు కొలతల స్ఫెరికల్ కోఆర్డినేట్స్‌లో (దూరం రో, కోణాలు థీటా, ఫై) ఆ ఆర్ స్థానంలో వచ్చే గుణకం రో² సైన్ ఫై. కొన్ని పుస్తకాల్లో థీటా, ఫై తారుమారుగా ఉంటాయి, కాబట్టి జెడ్ అక్షం నుంచి కొలిచే కోణం ఏదో ముందు చూసుకుని సైన్ దానికే వేయండి.