అన్నయ్య పట్టుకుంటే విడిపించుకోలేకపోతున్నాను, కరాటే క్లాసు మానేయాలా?

మానేయకండి. మణికట్టు విడిపించుకోవడం క్లాసులో సులువుగా వస్తోందని, ఇంట్లో అన్నయ్య పట్టుకుంటే మాత్రం చెయ్యి కదలడం లేదని రాశారు. లోపం ఆ పద్ధతిలో లేదు. క్లాసులో మిమ్మల్ని పట్టుకునే పార్ట్‌నర్ మీకు సహకరిస్తున్నారు, అన్నయ్య సహకరించడం లేదు. మీ సాధనలో ఇంకా మిగిలి ఉన్న భాగం అదే.

ఉద్యోగంలో చేరాక నేను విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక క్లాసుకు వెళ్ళడం మొదలుపెట్టాను, ఇప్పటికీ వెళ్తున్నాను. మా దగ్గర కూడా మొదట ఇంతే. మాస్టారు ‘ఒకటి’ అనగానే ఎదుటివారు పట్టుకుంటారు, ‘రెండు’ అనగానే మనం చెయ్యి తిప్పుతాం, వాళ్ళు వదిలేస్తారు. కదలిక ఒంటికి పట్టడానికి అది అవసరమే. ఆ తర్వాత మా మాస్టారు పట్టు బిగించమనేవారు. ఆపైన పట్టుకుని లాగమనేవారు. చివరికి, ఒక చెయ్యి విడిపించుకోగానే రెండో చేత్తో జుట్టో భుజమో అందుకోమనేవారు. నాకు నిజంగా ఏమైనా వచ్చిందంటే ఆ దశలోనే వచ్చింది.

పట్టులో బలహీనమైన చోటు బొటనవేలికీ మిగతా వేళ్ళకూ మధ్య ఉన్న సందు. మీ ముంజేతి సన్నని అంచు ఆ సందుకు ఎదురుగా వచ్చేలా తిప్పి, మోచేతిని ఎదుటి మనిషి వైపు తోస్తూ అడుగు ముందుకు వేయాలి. కంగారులో అందరం చేతిని వెనక్కే లాగుతాం. అప్పుడది కేవలం బలాల పోటీ అవుతుంది, అందులో అన్నయ్యే గెలుస్తాడు. పైగా మీరేం చేయబోతున్నారో అతనికి ముందే తెలుసు. బయటివాడికి తెలియదు. ఇంకో మాట: మన ఊరి ఉక్కపోతలో చెమట పట్టిన చెయ్యి ఎవరి పట్టులోంచైనా జారిపోతుంది. తువ్వాలుతో తుడుచుకుని మళ్ళీ చేసి చూడండి. అప్పుడప్పుడు యూనిఫాం పక్కన పెట్టి చుడీదారుతో, భుజాన బ్యాగుతో చేయండి. చున్నీ ఎక్కడ అడ్డుపడుతుందో అప్పుడే తెలుస్తుంది.

ప్రతిఘటించే మనిషితో సాధన చేయడం కొత్త సంగతేమీ కాదు. 1882లో జిగోరో కానో జపాన్‌లో జూడోను ప్రారంభించినప్పుడు రాండోరి అనే స్వేచ్ఛా సాధనకు పెద్ద పీట వేశారు. ఇద్దరూ పూర్తి బలంతో తలపడతారు, ప్రమాదకరమైన దెబ్బలను మాత్రం కటాకే, అంటే ముందే నిర్ణయించిన కదలికల వరుసకే, పరిమితం చేస్తారు. మనమూ ఆ హద్దు పాటించాలి. కీలు మెలిపెట్టేటప్పుడు కుదుపు ఉండకూడదు, ఎదుటివారు ఇక చాలన్నట్టు చేత్తో రెండుసార్లు తట్టగానే వదిలేయాలి. కళ్ళు, గొంతు వైపు దెబ్బ గురి చూసుకోవడానికే, తగలనివ్వకూడదు.

పడటం కూడా నేర్చుకోండి. గడ్డం ఛాతీకి ఆనించి, వెనక్కి చెయ్యి ఆన్చకుండా, ముంజేతులతో నేలను చరుస్తూ పడాలి. మేము ఆదివారం ఉదయాలు ఆర్కే బీచ్ ఇసుకలో చేసేవాళ్ళం. ఒక వర్షాకాలం తడి మెట్ల మీద జారినప్పుడు నా తల నేలకు తగలకుండా కాపాడింది ఆ సాధనే.

అన్నిటికంటే కష్టమైనది గొంతు. క్లాసులో అందరితో కలిసి అరవడం తేలిక, జనంలో ఒంటరిగా అరవడం వేరు. గాజువాక నుంచి వస్తున్న బస్సులో ఒకడు పదే పదే మీద పడుతుంటే వెనక్కి తిరిగి, బస్సంతా వినపడేలా ‘చెయ్యి తీయండి, దూరంగా నిలబడండి’ అన్నాను. కండక్టర్ తిరిగి చూశాడు, వాడు తరువాతి స్టాపులో దిగిపోయాడు. చేతితో చేయాల్సిన అవసరమే రాలేదు. అందుకే విడిపించుకునే ప్రతి కదలికతోపాటు ‘వదులు’ అని గట్టిగా అరిచి, నాలుగడుగులు పరుగెత్తడం దాకా సాధన చేయండి.

కత్తి కనిపిస్తే మాత్రం బ్యాగు వాడివైపు విసిరేసి పరుగెత్తండి. ఒట్టి చేతులతో కత్తి లాక్కునే ప్రదర్శనలను నమ్మకండి. వాటిని నమ్మబలికే మాస్టార్ల మీద నాకు కోపం.

చట్టం సంగతీ తెలిసి ఉండాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. రక్షణకు అవసరమైనంత మేరకే హాని చేయవచ్చు. వాడు వదిలేసి పారిపోతుంటే వెంటపడి కొట్టడం ఆత్మరక్షణ కిందికి రాదు. బయటపడగానే 112కి ఫోన్ చేయండి.

పట్టు బిగించి చేసే సాధనకు క్లాసులో పది నిమిషాలు కేటాయించమని మీ మాస్టారిని అడగండి. మంచి మాస్టారైతే సంతోషిస్తారు. ‘నా పద్ధతినే అనుమానిస్తావా’ అని కోప్పడితే వేరే క్లాసు వెతుక్కోండి, విశాఖలో క్లాసులకు కొదవ లేదు. చేరే ముందు ఒక సాయంత్రం పక్కన కూర్చుని చూడండి. సీనియర్లు కొత్తవారిని ఎలా పట్టుకుంటున్నారో, తట్టగానే వదులుతున్నారో లేదో గమనించాకే ఫీజు కట్టండి.